రద్దు చెయ్యని టైమర్

అరకు లోయలో రోడ్డు పక్కనే ఉన్న ఒక రిసార్టుకు నేను సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చాను. ఇన్నేళ్లలో చాలా చెత్త రాశాను. కానీ నేనే రాశానని చెప్పుకోలేనిది మాత్రం అదొక్కటే.

అప్పటికి నేను విశాఖపట్నంలోని ఒక చిన్న ఆఫీసుకు ఇంటి నుంచే పనిచేస్తున్నాను. మా ఇల్లు అరకు దాటాక, కాఫీ తోటల దిగువన ఉంటుంది. నాన్న మిషను బడిలో పంతులుగా చేసి రిటైరయ్యారు. అమ్మ తరఫు వాళ్లు మాత్రం కొండ మీద ఊళ్లోనే సోళ్లు అనే రాగులు, మిరియాలు, కాఫీ పండించుకుంటూ ఉండిపోయారు. అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, థింసా బాగా ఆడుతుందని చుట్టుపక్కల పేరు. ఆడవాళ్లు ఒకరి నడుము వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని, వరసగా, తుడుము డప్పు దెబ్బకు అడుగు కలుపుతూ తిరిగే ఆట అది. మా ఇంట్లో ఆ ఆట లేదు. చర్చి సంఘంలో చేరినవాళ్లకు తగదని నాన్న అనేవారు. అందుకని నేను చిన్నప్పటి నుంచీ గట్టు మీద కూర్చుని చూసినదాన్నే తప్ప ఆ వరసలో చేరినదాన్ని కాదు.

రిసార్టు పని ఆఫీసు ద్వారానే వచ్చింది. అరకు పిల్లవి నువ్వే కదా, వెళ్లి మాట్లాడు అన్నారు మా బాస్. వెళ్లాను. మేనేజరు మైదానం నుంచి వచ్చిన మనిషి, నలభై దాటి ఉంటాయి. మర్యాదస్తుడు. నన్ను "మేడమ్" అని తప్ప పిలిచేవాడు కాదు. కాఫీ ఇప్పించి, ఆవరణంతా తిప్పి చూపించాడు. ముందు పెద్ద పచ్చిక, దాని చివర రోడ్డు, మధ్యలో నడుమెత్తు కంచె. వెనక వంటశాల. వంటశాల వెనక రేకుల షెడ్డు. షెడ్డు పక్కనే ఎంగిలాకులు, కోడి ఈకలు, మిగిలిన పలావు పారబోసే గొయ్యి. ముక్కు మూసుకోకుండా అక్కడ నిలబడలేకపోయాను.

"ఇక్కడెవరుంటారు?" అని అడిగాను.

"డాన్స్ లేడీస్ మేడమ్. వాళ్లకలవాటే" అన్నాడు.

అతనికి కావలసింది స్పష్టంగానే చెప్పాడు. "బస్సు గేటు దాటిందంటే ఇక మనం నోరు విప్పక్కర్లేదు. అయిదు నిమిషాలకి టీ. నలభై నిమిషాలకి కిచెన్‌కి బొంగు చికెన్ ఆర్డరు. గంటన్నరకి డాన్స్. షెడ్డులో గంట మోగాలి, లాన్లో స్పీకర్ల నుంచి పాట రావాలి, ఎనిమిది నిమిషాలకి ఆగిపోవాలి. అన్నీ వాటంతటవే."

"డప్పులవాళ్లు?"

"వద్దు మేడమ్. వాళ్లు ఒక పట్టాన ఆపరు. గెస్టులకి అంత టైముండదు."

నాకు అప్పుడే ఏదో చేదుగా అనిపించింది. నోట్సులో మాత్రం ఎనిమిది నిమిషాలు అని రాసుకున్నాను.

ఆబ్జెక్టులతో ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఇది పెద్ద పని కాదు. గేటు దాటిన ఒక్కో బస్సుకూ లోపల ఒక్కో ఆబ్జెక్టు, అంటే దాని నకలు లాంటిది, పుడుతుంది. ఎంతమంది వచ్చారు, ఎన్నింటికి వచ్చారు అన్న వివరాలు దాని దగ్గరే ఉంటాయి. టీ పంపడం, గంట కొట్టడం లాంటి పనులు కూడా దానికే తెలుసు. ఆ పనుల్ని వెంటనే చేయించకుండా టైమర్‌కు అప్పజెబుతాం. "తొంభై నిమిషాలయ్యాక ఈ బస్సు తాలూకు గంట కొట్టే పనిని పిలువు" అని చెప్పి మన దారిన మనం పోవచ్చు. వేళ కాగానే టైమర్ ఆ పనిని పిలుస్తుంది. దానికి అంతకు మించి ఏమీ తెలియదు.

అందుకే బస్సు ముందే వెళ్లిపోతే ఆ టైమర్‌ను మనమే రద్దు చెయ్యాలి. తెర మీది జాబితాలోంచి బస్సును తీసేస్తే సరిపోదు. టైమర్ ఆ ఆబ్జెక్టును పట్టుకునే ఉంటుంది. అది పట్టుకున్నంతసేపూ ఆబ్జెక్టు మెమరీలోంచి పోదు. మనుషులు ఘాట్ రోడ్డు దిగి టైడా దాటిపోయినా, వాళ్ల బస్సు మెషీనులో మాత్రం రిసార్టులోనే ఉంటుంది. వేళకు గంట మోగుతుంది.

ఇదంతా నాకు తెలుసు. కాలేజీలో చదివినప్పుడే తెలుసు. కానీ మర్నాడు డెమో ఉంది. ఒక దొంగ బస్సును పుట్టించి, దాన్ని ఎక్కడికీ పోనివ్వకుండా పరీక్షించి చూసుకున్నాను. అన్నీ సరిగ్గా వేళకు జరిగాయి. "వెళ్లిపోతే టైమర్లు రద్దు, తర్వాత చూడాలి" అని కోడులో నాకు గుర్తుగా ఒక కామెంటు పెట్టి మూసేశాను. డెమోలో గంట మోగగానే మేనేజరు చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత వేరే పనులు మీద పడ్డాయి. ఆ కామెంటు అలాగే ఉండిపోయింది.

చలికాలం వచ్చింది. రైళ్లు, బస్సులు కిటకిటలాడే రోజులు. ఒక శుక్రవారం పిన్ని సంతకు దిగి, పనిలో పనిగా మా ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చుని మోకాళ్లకు అమ్మ ఇచ్చిన నూనె రాసుకుంటోంది. నేను లోపల అన్నం తింటున్నాను.

"ఏటయ్యిందే మోకాళ్లకి?" అని అమ్మ అడిగింది.

"ఏటవుతాది, ఆడి ఆడి. దినానికి ఎనిమిది సార్లు, తొమ్మిది సార్లు ఆడిత్తన్నారు."

"అంతమంది వత్తన్నారేటి?"

"వచ్చినోళ్లకి ఆడితే నాకేటి బాద లేదప్పా. ఎవులూ లేకపోయినా ఆడమంటన్నారు. గంట కొడితే ఎల్లాల. ఎల్లి సూత్తే ఒక పురుగు ఉండదక్కడ. కుర్సీలు, కుక్కలు. ఆటికే ఆడి వత్తన్నాం."

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. ఎవరో చెప్పి అర్థం చేయించాల్సిన అవసరం లేదు. ఆ కామెంటు అక్షరం అక్షరం కళ్ల ముందుకు వచ్చింది. పిన్ని అక్కడ ఆడుతోందని కూడా నాకు అంతవరకూ తెలియదు. అడగలేదు కాబట్టి తెలియదు. బయటికి వెళ్లి ఆ గంట నాదేనని చెప్పాల్సింది. చెప్పలేదు. చెయ్యి కడుక్కుని, తలుపు చేరవేసి, ల్యాప్‌టాప్ తెరిచి ఆ కామెంటు అక్కడే ఉందని చూసుకున్నాను.

మర్నాడు పొద్దున పదకొండు గంటలకు రిసార్టుకు వెళ్లాను. సన్నగా వాన పడుతోంది, కొండల మీద మబ్బు కిందికి దిగి ఉంది. గేటు దగ్గర ఉండగానే పాట వినిపించింది. పచ్చిక దగ్గరికి వెళ్తే తొమ్మిది మంది ఆడవాళ్లు వరసగా చేతులు పెనవేసుకుని తిరుగుతున్నారు. అందరికీ ఒకే రంగు చీరలు, తలల్లో ప్లాస్టిక్ పూలు. తడిసిన చీరలు పిక్కలకు అంటుకుపోయాయి. గడ్డి మీద నిన్నటి గుంపులు పారేసిన ఎముకలు, ఐస్‌క్రీం కప్పులు, నలిపేసిన పేపరు ప్లేట్లు. వట్టి కాళ్లతో వాటి మధ్యలో తిరుగుతున్నారు. కుర్చీలన్నీ ఖాళీ. ఎదురుగా మనిషన్నవాడు లేడు. వరసలో మూడో ఆమె మా పిన్ని. ఆమె నన్ను చూసింది. చూసి కూడా అడుగు తప్పలేదు.

పాట మధ్యలో తెగిపోయింది. ఎనిమిది నిమిషాలయ్యాయి. వాళ్లు అలాగే, ఎత్తిన కాలు ఎక్కడికక్కడ కిందపెట్టి, చేతులు విడిపించుకుని షెడ్డు వైపు నడిచిపోయారు.

రిసెప్షన్‌లో రికార్డులు తీసి చూశాను. తొమ్మిదిన్నరకు ఒక బస్సు వచ్చింది. వాన చూసి పది గంటలకే వెళ్లిపోయింది. పదకొండుకు గంట మోగింది. వెనక్కి చూసుకుంటూ పోతే అలాంటివి ఎన్నో ఉన్నాయి. కొన్నిసార్లు రెండు బస్సులు నిమిషాల తేడాలో వచ్చి వెళ్లిపోయాయి. రెండింటి గంటలూ ఒకదాని వెంట ఒకటి మోగాయి. షెడ్డుకు చేరీ చేరకముందే మళ్లీ పరిగెత్తి వచ్చి ఉంటారు.

మేనేజరు గదిలోకి వెళ్లి చెప్పాను. "తప్పు నాది సార్. బస్సు వెళ్లిపోతే టైమర్ ఆపాలి, ఆపలేదు. ఇవాళే సరిచేస్తాను."

అతను నవ్వాడు. "తెలుసు మేడమ్. మేం ఎప్పుడో చూశాం."

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పడమెందుకు? మీరు తప్పంటున్నారు గానీ మాకది లక్కు. రోడ్డు మీద పోయే కార్లు డాన్స్ చూసి ఆగుతున్నాయి. ఫోటోలు తీసుకుని, లోపలికొచ్చి, తిని పోతున్నారు. నేనే మీకు ఫోన్ చేద్దామనుకుంటున్నా. బస్సుతో పని లేకుండా, ఇరవై నిమిషాలకోసారి దానంతటదే మోగేలా పెట్టగలరా?"

"ఎవరూ లేకపోయినా ఆడతారా వాళ్లు?"

"గంట మోగితే రావాలి. రాకపోతే వచ్చే వారం పిలవం. కెమెరా ఉంది కదా." ఇదంతా అతను కోపంగా చెప్పలేదు. బిస్కెట్ల ప్లేటు నా వైపు జరుపుతూ చెప్పాడు.

"వానలో కూడానా?"

"వానలో ఇంకా బావుంటుంది మేడమ్, ఫొటోలకి."

బయటికి వచ్చి బాస్‌కు ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. అటు వైపు ట్రాఫిక్ హారన్లు వినిపిస్తున్నాయి. "ఎమోషనల్ అవకు. క్లయింట్ అడిగింది చిన్న ఛేంజ్. చేసిచ్చెయ్" అన్నారు. వాళ్లలో మా పిన్ని ఉందని చెబుదామనుకున్నాను. అరకు పిల్లవి కాబట్టి ఇలా మాట్లాడుతున్నావంటారని ఊరుకున్నాను.

ఆ మధ్యాహ్నం రిసెప్షన్ పక్క బల్ల మీదే కూర్చుని రాశాను. నాలుగు లైన్లు. గంట కొట్టే పని తన పని ముగించుకుని, ఇంకో ఇరవై నిమిషాలకు తననే మళ్లీ పిలవమని టైమర్‌కు చెప్పుకుంటుంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఇక దానికి ఆగడం లేదు. ఆఫీసు భాషలో చెప్పాలంటే శుభ్రమైన కోడు. బస్సు ఆబ్జెక్టుతో ముడే లేదు, కాబట్టి మెమరీలో ఏదీ మిగిలిపోదు. ఎవరైనా చూస్తే మెచ్చుకునేవారు. అది రాస్తున్నప్పుడు ఒక్క తప్పు కూడా దొర్లలేదు. ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ రోత పుట్టేది ఆ సంగతికే. మొదటిది నిర్లక్ష్యం. రెండోది కళ్లారా చూసొచ్చి రాసింది.

మేనేజరుకు ఉత్సాహం ఆగలేదు. "రండి మేడమ్, వాళ్లకి కూడా చెబుదాం" అంటూ షెడ్డు దగ్గరికి తీసుకెళ్లాడు. గోతి వాసన ముఖాన కొట్టింది. ఆడవాళ్లు గోడవార కూర్చుని కొంగులు పిండుకుంటున్నారు.

"ఇదిగో, ఈ మేడమే మీ గంట తయారుచేసింది. ఇక నుంచి ఇరవై నిమిషాలకోసారి. బస్సు వచ్చిందా రాలేదా అని మీరు చూడక్కర్లేదు" అన్నాడు.

తొమ్మిది మందీ నా వైపు చూశారు. నా ముఖం తెలిసినవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. పిన్ని తల వంచుకుని అరికాల్లోంచి ఏదో లాగుతోంది. ఎముక ముక్క. దాన్ని గోతిలోకి విసిరేసి, కుళాయి దగ్గరికి వెళ్లి కాలు కడుక్కుంది. మేనేజరు వెళ్లిపోయేదాకా ఆ కుళాయి దగ్గరే ఉంది.

తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"నువ్వా?"

"నేనే పిన్నీ."

"మరి ఎవులూ లేరని దానికి తెల్దేటి?"

"తెలీదు. నేను చెప్పలేదు దానికి."

"సెప్పలేదా, సెప్పడం మర్సిపోనావా?"

"మొదట మర్చిపోయాను."

"ఇప్పుడు?"

నేను మేనేజరు వెళ్లిన వైపు చూశాను. పిన్ని అది చూసి, "ఇప్పుడు తెలిసే సేసినావన్నమాట" అంది. పక్కకు తిరిగి ఉమ్మింది. నా మీద కాదు, నేల మీదే. అయినా నాకు తగిలింది.

"సిన్నప్పుడు గట్టు మీద కూకుని సూసేదానివి. బేగి రాయే గుంటా, వొరసలోకి రా అంటే మీ అయ్యకి బయపడి రాకపోదువు. ఇప్పుడు మమ్మల్ని ఆడించడానికొచ్చినావా?"

ఇంతలో గంట మోగింది. నేను పెట్టిందే. వాళ్లందరూ లేచారు. పిన్ని కూడా కదిలింది. తడిసిన కొంగు నడుముకు బిగించుకుని పచ్చిక వైపు నడిచింది. నేను అక్కడే, ఆ కంపులో, పాట ఆగేదాకా నిలబడ్డాను.

ఇంటికి వెళ్లి ఎవరినీ అడక్కుండా మార్చేశాను. ఇరవై నిమిషాల ముక్క తీసేశాను. ఒక్కో బస్సు తన టైమర్లను తన దగ్గరే జాబితాగా ఉంచుకునేలా, వెళ్లిపోయిందని నొక్కగానే వాటన్నిటినీ రద్దు చేసేలా రాశాను. గంట కొట్టే ముందు మనుషులున్నారో లేదో చూసేలా ఇంకో మాట చేర్చాను. రెండు బస్సుల గంటల మధ్య కనీసం అరగంట విరామం పెట్టాను. మొదటి రోజే చెయ్యాల్సిన పని. నిండా గంట కూడా పట్టలేదు.

అది రెండు రోజులు నడిచింది. మూడో రోజు మేనేజరు గొంతు పెంచి ఫోన్లో మాట్లాడాడు, అప్పుడు కూడా మేడమ్ అనే. "మీరు మా మంచి కోరి చేశారనుకుంటాను మేడమ్, కానీ మా బిజినెస్ మీరు చెయ్యనక్కర్లేదు." ఆ తర్వాత బాస్ ఫోను. నా లాగిన్ తీసేశారు. ఆఫీసులో ఇంకొకరు పాత కోడును వెనక్కి తెచ్చి పెట్టారు. ఆ నాలుగు లైన్లూ ఎలాగూ నేను రాసి ఉంచినవే కదా, ఆయనకు శ్రమ పడే పనే లేకపోయింది.

ఆ రెండు రోజులూ ఏమైందో పిన్ని ద్వారా కాదు, అమ్మ ద్వారా తెలిసింది. గంట మోగకపోతే ఆడవాళ్లు కంగారు పడ్డారట, తమని మానిపించేస్తున్నారేమోనని. నేను వాళ్లకు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చెప్పకుండా ఆపాను, చెప్పకుండా మోగించినట్టే.

గంట మళ్లీ మొదలయ్యాక పిన్ని, ఇంకో ముగ్గురు వెళ్లడం మానేశారు. మిగతా అయిదుగురు వెళ్తూనే ఉన్నారు. పెద్ద గొడవేమీ జరగలేదు. మేనేజరు పాడేరు వైపు నుంచి నలుగురు పడుచు పిల్లల్ని తెచ్చుకున్నాడు. వాళ్లు వేగంగా కూడా తిరుగుతారట.

నేను ఆఫీసు మానెయ్యలేదు. మానేశానని చెప్పుకోవాలని ఉంటుంది, కానీ అబద్ధం. ఇంకో ఏడాది చేశాను, వేరే క్లయింట్లకు, వేరే టైమర్లు రాస్తూ.

ఆ వేసవిలో ఆఫీసు గ్రూపులో ఒక వీడియో వచ్చింది. రిసార్టుకు రాసిన సాఫ్ట్‌వేర్‌ను ఇంకా చాలా చోట్ల అమ్మాలని చేసిన ప్రకటన. లంబసింగి వైపు కొత్తగా వచ్చిన విడిదుల వాళ్లకు చూపిస్తున్నారట. తెరిచి చూశాను. వాన, మబ్బు, పచ్చిక, వరసగా తిరుగుతున్న ఆడవాళ్లు. ఖాళీ కుర్చీలు కనబడకుండా చుట్టూ కత్తిరించారు. పక్కనుంచి ఎవరివో చప్పట్లు అతికించారు. వరసలో మూడో ఆమె దగ్గరికి కెమెరా వచ్చి కాసేపు ఆగింది. తడిసిన ముఖం, వంచని తల. కింద "అతిథి రాగానే అడవి పలుకుతుంది" అని రాశారు.

ఫోను పట్టుకుని కొండెక్కాను. పిన్ని వాకిట్లో కూర్చుని చేటలోని కాఫీ గింజల్లోంచి నల్లబడినవి ఏరుతోంది. ఫోను ఆమె ముందు పెట్టాను. చేతులు కొంగుకు తుడుచుకుని మొత్తం చూసింది.

"ఎవులే సప్పట్లు కొడతన్నారు?" అని అడిగింది.

"ఎవరూ లేరు పిన్నీ. అవి వేరే చోటివి, తెచ్చి పెట్టారు."

"తీసెయ్యమని సెప్పు."

"చెప్పాను" అన్నాను.

నిజానికి అప్పటికి చెప్పలేదు. ఆ మాట నోట్లోంచి ఎందుకు వచ్చిందో కూడా తెలియదు. పిన్ని మళ్లీ చేటలోకి వంగింది. నేను కాసేపు పక్కన కూర్చుని నాలుగు గింజలు ఏరాను. ఏది పనికిరానిదో నాకు తెలియక మంచివి కూడా ఏరేశానేమో, ఆమె నా చేతిలోవి తీసుకుని మళ్లీ చేటలో పోసుకుంది.

ఇంటికి దిగి వచ్చాక, ఆ వీడియోలో ఉన్నామె మా పిన్ని, ఆమె ఒప్పుకోలేదు, దయచేసి తీసెయ్యండి అని గ్రూపులో రాశాను. బాస్ దాని కింద బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టారు. నిన్న ఆఫీసు వెబ్‌సైటులో చూశాను, ఆ వీడియో ఇంకా అక్కడే ఉంది.